ముసలి నీళ్ళు

మా మేనత్త చెప్పులు విప్పకుండా ఇంట్లోకి వచ్చిన పొద్దుటితోనే ఆ వేసవి మొదలైందని నా లెక్క. శుభ్రమంటే ప్రాణం పెట్టే మనిషి. ఊళ్ళోకెల్లా పెద్ద హోటలు దుప్పట్లూ తలగడ గలీబులూ ఆవిడ లాండ్రీలోనే ఉతుకుతారు. తెల్లబట్ట మీద చీమ తలకాయంత మరక ఉన్నా ఒప్పుకోదు. అలాంటి మనిషి ఆ రోజు వీధి దుమ్ముతో సహా నడిచొచ్చి, అమ్మ అప్పుడే తుడిచిన గచ్చు మీద నిలబడి, "అన్నయ్యా, బోరు ఎండిపోయింది" అంది.

నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప మీద నురగ అలాగే ఉంది.

"ఎండిపోవడమేంటి? అది నేను వేసిన బోరు."

"నువ్వు వేశావని దానికి తెలీదేమో."

నాన్నది బోర్లు వేసే పని. ఊళ్ళో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. పాతాళం అంటారు. "పాతాళం గారున్నారా?" అని గుమ్మంలో ఎవరైనా అడిగితే, "ఇప్పుడే పైకి తేలారు, టీ తాగుతున్నారు" అనేది అమ్మ. తను వేసిన బోరు పడకుండా పోలేదని ఆయన గర్వం. ఆ మాట ఆయన చెప్పుకోనక్కరలేదు, ఊరే చెప్పేది.

"వదినా, నువ్వైనా చెప్పు" అంది అత్త అమ్మతో. "మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా చేతులు ముడుచుకుని కూర్చున్నారు. హోటలు మేనేజరు పొద్దున్నే ఫోను. దుప్పట్లు వేళకి అందకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాడట."

"ఎంతమంది ఆడవాళ్ళున్నారే నీ దగ్గర?" అంది అమ్మ.

"ఉన్నవాళ్ళందరికీ నేనే దిక్కు. నాకు ఈ అన్న దిక్కు."

నాన్న రెండో చెంప గీసుకోవడం మర్చిపోయి లేచాడు. "ఈసారి నల్లరాయి దాటి వెళ్దాం" అన్నాడు.

అమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. మా ఊరి కింద ఎంత తవ్వినా తరగని నల్లరాయి ఉంది. అందరి బోర్లూ ఆ రాతి పగుళ్ళలో దొరికే నీటితోనే ఆగిపోతాయి. దాన్ని అడుగంటా దాటినవాడు అప్పటికి ఎవడూ లేడు.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. చదివింది భూగర్భశాస్త్రం. నాన్న బండి దగ్గర పనిచేసేవాళ్ళు నన్ను 'డిగ్రీ' అనే పిలిచేవాళ్ళు. చివరి పరీక్షలు రాసి, ఫలితాల కోసం చూస్తూ, కాలేజీలో మా మేడం దగ్గర పనికి కుదిరాను. చుట్టుపక్కల బోర్ల నీళ్ళు పట్టించి, అవి ఎప్పటి వాన నీళ్ళో ఆవిడ పరీక్ష చేయిస్తోంది. సీసాలు నింపి తేవడం నా వంతు. గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా, అంచు దాకా నింపి, మూత బిగించాలి. ఏ పని చెప్తే ఆ పని సరిగ్గా చేయడమే నాకు తెలిసిన చదువు.

*

బోరు తవ్వే రిగ్గు బండి లాండ్రీ పెరట్లోకి రావడానికి గోడ ఒక పక్క పడగొట్టాల్సి వచ్చింది. బట్టలారేసే తీగలన్నీ విప్పేశారు. బండి నడిపేవాడిని అందరూ 'గేరు' అనేవాళ్ళు. మనిషి ఎప్పుడూ ఒకే వేగంలో ఉంటాడు, కోపమొచ్చినా సరే, ఆకలేసినా సరే. నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు.

నల్లరాయి మీద గొట్టం కొసనున్న ఉక్కు బిట్టు పడితే ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్ళలోకి వస్తుంది. గొట్టం మీద గొట్టం బిగిస్తూ పోయారు. బండి లోపలికి కొట్టే గాలికి రంధ్రంలోంచి బూడిదలాంటి రాతిపొడి ఎగిరి లాండ్రీ ఆడవాళ్ళ జుట్టంతా నెరిసిపోయినట్టయింది. "పెళ్ళి కాకుండానే నన్ను ముసలిదాన్ని చేశారు గదయ్యా" అని ఒకావిడ గేరుని ఆటపట్టించింది. "పాతాళం మేస్త్రీని అడగండి, నేను గొట్టాలు బిగించేవాణ్ణే" అన్నాడు గేరు.

ప్రతి గొట్టానికీ నాన్న ఆ పొడిని అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్ది చూసేవాడు. నలుపు. మళ్ళీ నలుపు. తెచ్చిన గొట్టాలు అయిపోవచ్చాయి. పద్నాలుగు వందల అడుగుల దగ్గర పొడి రంగు మారింది. లేత పసుపు. ఇసుక.

గేరు ఇంజను తగ్గించబోతే నాన్న వద్దని చేత్తో సైగ చేశాడు. అంతలో భూమి లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. ఆ వెంటే నీళ్ళు. పైకప్పు ఎత్తున లేచి అందరి మీదా పడ్డాయి.

తల మీద ఆ నీళ్ళు పడగానే అందరం ఒక్కసారి కెవ్వుమన్నాం. అరిచింది సంతోషంతో కాదు. ఆ నీళ్ళు వెచ్చగా ఉన్నాయి.

చన్నీళ్ళకి సిద్ధపడిన ఒంటి మీద గోరువెచ్చని నీళ్ళు పడితే ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. చీకట్లో గోడ అనుకుని చెయ్యి వేస్తే అది ఎవరి వీపో అయినట్టుంటుంది. అత్త తన చేతుల్ని వాసన చూసుకుంది. ఒకావిడ ఏడ్చేసింది. పుస్తకంలో చదివిందే, లోపలికి పోయేకొద్దీ భూమి వేడెక్కుతుందని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"కడుపులో నీళ్ళు తల్లీ ఇవి, భూమి కడుపులోవి" అన్నాడు నాన్న నాతో. మొహమంతా పసుపు బురద. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

నేను సంచీలోంచి సీసాలు తీసి, అంచు దాకా నింపి, మూతలు బిగించాను.

ఇక్కడొక మాట చెప్పాలి. బోర్లవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. కొత్త బోరు పడ్డాక మోటారు దించి, ఆపకుండా నడిపించాలి. నీళ్ళు అద్దంలా తేరుకున్నాక కూడా ఆపకూడదు. అప్పుడే ఊట కళ్ళు తెరుచుకుంటాయి, తోడేకొద్దీ ఊరుతుంది అంటారు. పైపై బావులకి అది నిజమే. నాన్నకి వాళ్ళ మేస్త్రీ నేర్పింది అదే, ఆయన గేరుకి నేర్పిందీ అదే. అత్తకీ అదే చెప్పాడు. "ఆపకు. వారం పైన నడవనీ. పారితే పారనీ."

పారింది. లాండ్రీ పక్క మురిక్కాలవ నిండి వీధిలోకొచ్చింది. పిల్లలు చెప్పులు పడవల్లా వదిలారు. జనం వాహనాలు కడుక్కున్నారు, కుక్కలకి స్నానాలు చేయించారు. హోటలు మేనేజరు తన కారు తెచ్చి కడిగించుకుని, "పాతాళం గారూ, మా హోటల్లో బాయిలర్ కూడా ఇంత వెచ్చగా ఇవ్వదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వీధి చివర మురిక్కాలవ పెద్ద కాలవలో కలిసేచోట నురగలు కక్కుతూ పోయాయి ఆ నీళ్ళు, పగలూ రాత్రీ.

*

ఎండలు బాగా ముదిరాక మేడం నన్ను లోపలికి పిలిచింది. ప్రయోగశాలలో పంకా తిరుగుతోంది. ఆవిడ స్టూలు నా వైపు జరిపి, "కూర్చో. ఆ వెచ్చని నీళ్ళు ఎక్కడ పట్టావు?" అంది.

"మా మేనత్త లాండ్రీలో అండి. సీసాలో గాలి చేరిందాండీ?"

"నీ సీసాలో ఎప్పుడూ గాలి చేరదు. లెక్క నమ్మలేక రెండోసారి కూడా చేయించాను." ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ముప్పై వేల ఏళ్ళు. అంతకంటే ఎక్కువే ఉండొచ్చు."

"ఏంటండీ ముప్పై వేలు?"

"ఆ వాన కురిసి."

బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోతున్నారు.

"చూడమ్మా, నీళ్ళలో ప్రతి మూడు పరమాణువుల్లో రెండు సృష్టి మొదలైన తొలి నిమిషాల్లోవే. హైడ్రోజన్. అంతకంటే పాతది ఎక్కడా లేదు. మిగతాది ఏవో నక్షత్రాల కడుపులో ఉడికింది. ఆ మాటకొస్తే నీ కళ్ళలో నీళ్ళు కూడా అంతే. అది అందరికీ ఉన్న వయసు. నేను చెప్పేది అది కాదు. ఈ నీళ్ళు ఆఖరిసారి ఆకాశం చూసింది ఎప్పుడో, అది. అప్పటికి భూమ్మీద ఎవడూ ఒక్క విత్తు నాటలేదు. ఇల్లు కట్టలేదు, కుండ చేయలేదు. ఏ కొండ వాలులోనో కురిసి, ఇసుకలోకి ఇంకి, పైన నల్లరాయి మూత పెట్టుకుని కూర్చుంది. మళ్ళీ దాని మీద ఒక్క చుక్క పడలేదు."

"మళ్ళీ ఊరదా అండీ?"

"ఏ దారిన ఊరుతుంది?"

నాకు మురిక్కాలవ గుర్తొచ్చింది. చెప్పుల పడవలు గుర్తొచ్చాయి. స్టూలు అంచు పట్టుకున్నాను. మేడం మంచినీళ్ళ గ్లాసు అందించింది. దాన్ని చూస్తూ ఉండిపోయాను, తాగాలో వద్దో తెలియలేదు.

"ఎంత తోడారు ఇప్పటిదాకా?" అని అడిగింది ఆవిడ.

*

నాన్న షెడ్డులో బండికి గ్రీజు రాస్తున్నాడు. మధ్యాహ్నం, రేకుల మీద ఎండ చిటపటలాడుతోంది. గేరు చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే కళ్ళు మూసుకునే, "నీళ్ళకి వయసేంటి డిగ్రీ, దానికి పుట్టినరోజులు కూడా చేయాలా?" అన్నాడు.

"అయితే మీ అత్త ముసలి నీళ్ళతో ఉతుకుతోందన్నమాట" అన్నాడు నాన్న, నవ్వుతూనే. "మంచిదేగా. పెద్దవాళ్ళ చెయ్యి పడితే మురికి బాగా వదులుతుంది."

"నవ్వకు నాన్నా. ముప్పై వేల ఏళ్ళు."

"నాకు లెక్కలు చెప్పకు తల్లీ. వేలూ లక్షలూ నాకు ఒకటే. అడుగుల్లో చెప్పు, తెలుస్తుంది."

ఆయన ఊరికే అన్నాడు. నేను మాత్రం నిజంగానే అడుగుల్లో చెప్పాను. చదువుకున్నందుకు నేను ఇంటికి చేసిన మొదటి పని అదే అనుకుంటాను. బండికి ఆనించిన గొట్టం మీద చెయ్యి వేశాను.

"అత్త బోరు పద్నాలుగు వందల అడుగులు కదా. సృష్టి మొదలైన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా మొత్తం కాలాన్ని ఆ బోరంత అనుకో. బిట్టు ఆగిన చోట అంతా మొదలైంది. అప్పుడు సూర్యుడు లేడు, భూమి లేదు. పైకి వస్తూ ఉంటే, ఇంకా నాలుగు వందల యాభై అడుగుల లోతుండగా భూమి పుట్టింది."

"అంటే మూడొంతుల్లో రెండొంతులు అసలు భూమే లేదా?" నాన్న గ్రీజు చెయ్యి ఆపాడు.

"లేదు. చేపలొచ్చేసరికి యాభై అడుగులే మిగిలాయి. ఏనుగులకంటే పెద్ద జంతువులు భూమ్మీద తిరిగి అంతరించిపోయేసరికి, గుంటలో నువ్వు చెయ్యెత్తి నిలబడితే వేళ్ళు బయటికి కనపడేంత లోతే."

"మరి మనిషి?"

చిటికెన వేలు అడ్డంగా పెట్టి చూపించాను. "ఇంత మందం. మనలాంటి మనుషులంతా, మొదటివాడి దగ్గర్నుంచీ. మనం విత్తులు నాటడం, ఊళ్ళు కట్టడం, రాజ్యాలూ యుద్ధాలూ చదువులూ అన్నీ కలిపి గోరు మందం. ఈ నీళ్ళు లోపలికి పోయి రెండు మూడు గోళ్ళంత."

గేరు కళ్ళు తెరిచాడు.

నాన్న తన కాళ్ళ కింది నేల చూశాడు. తరవాత చిన్న గొంతుతో అడిగాడు. "బండి నిలబెట్టే ముందు చెప్పుకాలితో గీకి పారేస్తామే, ఆ దుమ్మా?"

"అంత కూడా లేదు నాన్నా."

ఆయన గ్రీజు డబ్బా మూత వెతికాడు. అది ఆయన చేతిలోనే ఉంది. మూత పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలే. నేను ఆయన్ని బోరు ఎండిపోయిన రోజు చూశాను, బిట్టు లోపల విరిగి ఇరుక్కున్న రోజు చూశాను. అలాంటి మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎవరో గట్టిగా కొట్టి వెళ్ళిపోతే, ఎటు తిరిగి చూడాలో తెలియని మనిషి మొహం.

"దాంతో హోటలు దుప్పట్లు ఉతికించాను" అన్నాడు. "కార్లు కడిగించాను."

"నీకు తెలీదు కదా నాన్నా."

"నాకు కాకపోతే ఎవరికి తెలియాలే? ఊరంతా నన్ను పాతాళం అంటోంది."

*

మర్నాడు ఆయన రాయి కట్టిన తాడు పట్టుకుని లాండ్రీకి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. మోటారు ఆపించి, బోరు మూత పక్కకి జరిపి, తాడు వదిలాడు. చెవి దగ్గరగా పెట్టి వింటూ వదిలాడు. నీళ్ళకి తగిలిన చప్పుడు ఎక్కడ వినిపించాలని ఆయన అనుకున్నాడో అక్కడ వినిపించలేదు. ఇంకా వదిలాడు. ఇంకా. తాడు చేతుల్లోంచి పోతూనే ఉంది. ఆఖరికి చప్పుడైనప్పుడు ఆయన తాడు గుర్తు చూసుకుని, మళ్ళీ పైకి లాగి, మళ్ళీ వదిలాడు. రెండోసారీ అంతే. మోటారు దించిన రోజున్న మట్టానికి చాలా కిందికి జారిపోయాయి నీళ్ళు.

అత్త గుమ్మంలోంచి చూస్తోంది. వెనకాల తీగల మీద తెల్లదుప్పట్లు వరసగా ఊగుతున్నాయి. "ఏంటన్నయ్యా, నాడి చూస్తున్నావా?" అంది.

"చెల్లీ, పొదుపుగా వాడుకో. ఇది ఊరేది కాదు. ఉన్నదే ఇది."

"వారం రోజులు పారించమని చెప్పింది ఎవరు, నేనా?"

నాన్న తడితాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"అది సరేగానీ" అంది అత్త, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "హోటలు వాళ్ళకి కూడా ఇలాంటి బోరే కావాలట. మా వీధి వెనకే కదా వాళ్ళ పెరడు. నిన్నే వేయమంటున్నాడు మేనేజరు. నేను మాటిచ్చాను."

"నేను వేయను."

అత్త నవ్వింది, ఆయన హాస్యమాడాడనుకుని. తరవాత నవ్వు ఆగిపోయింది. "వాళ్ళ దుప్పట్లతోనే అన్నయ్యా నా కడుపు నిండేది. వాళ్ళడిగిన పని కాదంటే రేపు నాకు బట్టలిస్తారా? ఇక్కడున్న ఆడవాళ్ళ మొహాలు చూసి చెప్పు ఆ మాట."

"వాళ్ళ మొహాలు చూసే చెప్తున్నా. ఇద్దరూ ఒకే కుండలోంచి తోడితే ముందు నీదే అడుగంటుతుంది."

"మరి నువ్వు కాకపోతే ఇంకోడు వేస్తాడు. అప్పుడు అడుగంటదా?"

నాన్న బోరు మూత మళ్ళీ పైకి జరిపాడు. అత్త నా వైపు తిరిగింది. "నీ చదువే కదూ ఇదంతా? నిన్ను చదివించమని మీ నాన్నతో పోట్లాడినదాన్ని నేను. నాకే పెట్టావే పొగ."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే అది నిజం. నా కాలేజీ యూనిఫాం మొదటి జత ఇస్త్రీ చేసి ఇచ్చింది ఆవిడే.

సాయంత్రం గేరు ఇంటికొచ్చాడు. టీ ఇచ్చినా ముట్టుకోలేదు. "మేస్త్రీ, వేరే బండివాడు హోటలు పని ఒప్పుకున్నాడు. నల్లరాయి దాటినోడు కావాలట. నన్ను పిలుస్తున్నారు" అన్నాడు.

"వెళ్ళకు. లోపల ఏముందో విన్నావు కదా."

"విన్నా. రెండు రోజులు నిద్ర పట్టలేదు. కానీ గోరు మందం మనిషికి కూడా ఆకలేస్తది మేస్త్రీ." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "తోడేకొద్దీ ఊరుతుందని నువ్వే నేర్పావు. ఇప్పుడు నువ్వే కాదంటే నేనేది నమ్మను?"

నాన్న గోడ వైపే చూస్తూ, "రెండోదే నమ్మరా" అన్నాడు. గేరు అప్పటికే మెట్లు దిగిపోయాడు.

ఆ తరవాత బండి షెడ్డులోంచి బయటికి రాలేదు. ఎవరొచ్చినా నాన్న పైపై బోర్లకి మాత్రమే సరే అనేవాడు. అది ఎండాకాలం, పైన నీళ్ళెక్కడివి? వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయేవాళ్ళు. "పాతాళం గట్టెక్కి కూర్చున్నాడు" అని వీధిలో ఒక మాట పుట్టింది. అమ్మ ఆ మాట విని లోపలికొచ్చి గిన్నెలు ఎత్తెత్తి పడేసింది, అంతే. ఆయన్ని ఒక్క మాటా అనలేదు. ఒకరోజు మాత్రం నన్ను పక్కకి పిలిచి, "ఆ గోరు మందం సంగతి నాకూ చెప్పవే" అంది. చెప్పాను. విని, తన గోరు కాసేపు చూసుకుని, "మరి ఇంత చిన్న దాంట్లో ఇంత గొడవేంటే" అంది.

*

హోటలు పెరట్లో రిగ్గు మొదలైన మర్నాడు మేం భోజనాలకి కూర్చున్నాం. మా ఇంటికీ హోటలుకీ మధ్య రెండు వీధులే. చప్పుడు నేలలోంచి వచ్చి కంచాల్లో సన్నగా వణికింది. గ్లాసులో నీళ్ళ మీద చిన్న చిన్న గుండ్రాలు.

నాన్న తల వంచుకుని తింటున్నాడు. కాసేపటికి ముద్ద చేతిలోనే ఆగింది.

"నల్లరాయిలోనే ఉన్నారు ఇంకా" అన్నాడు.

ముందురోజు నుంచీ నడుస్తోంది ఆ బండి. గేరు చెయ్యి కాబట్టి ఒకే వేగం. నాన్న తినడం మానేసి కంచం అంచు మీద వేళ్ళు ఆనించి వింటున్నాడు. అమ్మ గ్లాసు నింపబోయి ఆగింది. ఉన్నట్టుండి ఆ చప్పుడు మెత్తబడింది. నేను గమనించేలోపే నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"ఇసుక."

నేనున్నది ఇంట్లో, ముందు కంచం ఉంది, అమ్మ ఉంది. అయినా కాళ్ళ కింద నేల పలచబడిపోయి, దాని కింద అంతా చీకటీ ఖాళీ అయినట్టనిపించింది.

చాలాసేపు కాలేదు. వాకిట్లో పరుగు చప్పుడు. అత్త. ఆ గొడవ తరవాత మా గుమ్మం తొక్కడం అదే మొదలు. చేతుల్లో తడిదుప్పటి ఒకటి ముద్దగా పట్టుకునుంది. తెల్లగా ఉండాల్సింది పసుపు బురద రంగులో ఉంది. నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి.

"గాలి వస్తోంది అన్నయ్యా" అంది. "గొట్టంలోంచి గాలి బుడగలు, బురద. మిషన్లలో ఉన్నవన్నీ ఇలాగే అయిపోయాయి. ఏమవుతోంది? మా బోరుకేమైంది?"

"బోరుకేం కాలేదు. అవతల బండి కొట్టే గాలి ఇసుకలోంచి నీ వైపుకొచ్చింది. ఒకటే పొర కదా" అన్నాడు నాన్న. "మోటారు కట్టేశావా?"

"కట్టేసే వచ్చా." ఆవిడ గుమ్మానికి జారగిలబడింది. దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని పిండబోయి మానేసింది. కోపంగా వచ్చిందనుకున్నాను. అది కోపం కాదు. ఇంటికొచ్చేసరికి తలుపు తెరిచుండి, లోపల సామానంతా పోయి, ఎవరిని పిలవాలో తెలియనివాళ్ళు అలా కూర్చుంటారు.

"మన నీళ్ళు పోతున్నాయి అన్నయ్యా."

నాన్న చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళి చెల్లెలి పక్కన నేల మీద కూర్చున్నాడు. "మనవి ఎప్పుడయ్యాయి తల్లీ?" అన్నాడు.

"మనవి కాకపోతే మరెవరివి?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, బోరు ఎక్కడ వేయాలో చూసేటప్పుడు ఆలోచించినట్టు. తరవాత తలెత్తి నా వైపు చూశాడు. ఎగతాళి లేదు ఆ చూపులో, నిష్ఠూరం కూడా లేదు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి అడిగాడు.

"నువ్వు చెప్పమ్మా. ఎవరివి?"

అత్త కూడా నా వైపే చూసింది. అమ్మ కూడా. ఆ నీళ్ళ వయసెంతో నాకు తెలుసు. ఎక్కడ పుట్టాయో తెలుసు, ఎప్పుడు ఇంకాయో తెలుసు, సీసాలో గాలి చేరకుండా ఎలా పట్టాలో తెలుసు. నోరు తెరిచాను.

రెండు వీధుల అవతల రిగ్గు చప్పుడు ఆగిపోయింది. కంచాలు వణకడం మానేశాయి. నీళ్ళు తగిలితేనే వేసేవాళ్ళు బండి ఆపుతారని మా ఇంట్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. నలుగురం అలాగే కూర్చుని, నీళ్ళు పైకి లేచే ఆ కాసేపూ ఊపిరి బిగబట్టుకున్నాం.